పుప్పొడి: ఈగ నిలువ, ఇంటి నిలువ

బేతంచెర్ల యనగానే పెక్కుమందికి నాపరాళ్లు స్ఫురించును. మాకు మాత్రము దాపుననున్న బిల్లసర్గము గుహలు జ్ఞప్తికి వచ్చును. 1844లో న్యూబోల్డు ఆ గుహలను గూర్చి వ్రాసెను. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు అచట త్రవ్వించి జంతువుల ఎముకలు వెలికి తీసిరి. ఎముకలు నిలిచినవి గాని, ఆనాటివారు తేనెపట్టు తినియున్నచో దాని జాడ నిలువదు. తినియుందురని మా ఊహ.

ఊహకు ఊతము తూర్పున నల్లమలలో నున్నది. చెంచులను గూర్చి హైమెన్‌డార్ఫ్ 1943లో గ్రంథము ప్రకటించెను. కొండచరియకు వ్రేలాడు పట్టును త్రాటిపై దిగి తీయుట చెంచుల విద్య. పైన త్రాటిని బావమఱది పట్టవలెనందురు; తోబుట్టువు పసుపు కుంకుమలు అతని చేతిలో నున్నవి గదా!

పట్టంతయు తేనె కాదు. కొన్ని గదులలో పుప్పొడి యుండును. ఈగ దానిని తేనెతో తడిపి, గదిలో కూరి, పైన తేనె పూయును. లోపల అది పులిసి, పెరుగునందలి పులుపు వంటిదే పుట్టి, చెడకుండ నిలుచును. ఆవకాయపై నూనె తేలనిచ్చు మన ఇల్లాండ్రకు ఈ కిటుకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

నేడు సీసాలలో అమ్మునది వేఱు. గూటి వాకిట చిల్లుల పలక బిగింతురు. దూరివచ్చు ఈగల కాళ్లనుండి పుప్పొడి ఉండలు క్రింది పళ్లెమున రాలును. ఈగ ఊరవేయక మునుపే మనము తీసికొంటిమి. కావున నిలువజేయు భారము మనపై బడినది. పచ్చి పుప్పొడిలో నూటికి 20 మొదలు 30 పాళ్లు నీరుండును, త్వరలోనే బూజుపట్టును. 40 డిగ్రీలు మించని వెచ్చని గాలిలో, తేమ 6, 8 పాళ్లకు దిగువఱకు ఆరబెట్టవలెను. సీమ ఎండ యుండగా చింతయేల యని మిద్దెపై పోయరాదు. ఎండ సారమును హరించును. పిమ్మట గాలి చొరని సీసాలో, చీకటిగ, చల్లగ నుంచవలెను. తడి గరిటె తగులరాదు. బూజుపట్టినదానిని మరల ఎండబెట్టి తినరాదు. బూజు విషము ఎండకు పోదు.

తినుటలోను జాగ్రత్త వలయును. పుప్పొడి సరిపడనివారికి నిముషములలో పెదవులు వాచి, ఊపిరాడకపోవుట కలదు. ఉబ్బసము గలవారు, గర్భిణులు వైద్యునడుగక ముట్టరాదు, పసివారికి పెట్టనేరాదు. తక్కినవారైనను తొలిసారి నాలుగు పలుకులతో ఆగవలెను. ప్రత్తి, ప్రొద్దుతిరుగుడు చేల నడుమ గూళ్ల సరుకైనచో, పురుగుమందు చల్లిన దినములలో తీసినదా యని అమ్మువానిని అడుగుడు.