కామాఠీల మట్టి

బొంబాయి నగరమున బెల్లాసిస్ రోడ్డుకు దక్షిణముగా, డంకన్ రోడ్డు నానుకొని, 14 గల్లీలుగా అల్లుకొనియున్న కామాఠీపురాకు ఆ పేరు నిజాం సీమనుండి వలస వచ్చిన తెలుగు కూలీలవలన కలిగినది. రాతిపనికిని, సున్నపు పనికిని, మట్టి మోతకును పేరుపొందిన వీరిని ఆ నగరమువారు కామాఠీలనిరి. నేడు ఆ పేట పేరు వినగానే లోకమునకు వేశ్యావృత్తి అను వేరొక వ్యాపారమే స్ఫురించుట, తట్టలతో మట్టి మోసి నగరమును నిలబెట్టిన కుటుంబములకు జరిగిన పెద్ద అన్యాయమని నా అభిప్రాయము. నేనిచ్చట వారిని మట్టి నెరిగిన మనుష్యులుగా స్మరింపదలచితిని. వారు మోసిన మట్టికిని, వారు విడిచివచ్చిన మట్టికిని చరిత్రలో సంబంధము గలదు. అందు నీటిపారుదల గల పండ్లతోటలకు ముఖ్యమైన పాత్ర గలదు.

కామాఠీపురా పరిసరములు తొలుత సముద్రపు పోటునకు మునిగెడి పల్లపు నేలలు. 18వ శతాబ్ది చివరి పాదమున, విలియం హార్న్‌బీ గవర్నరుగా నున్న కాలమున, వర్లీయొద్ద గండి పూడ్చి కట్ట కట్టిన పిమ్మట ఉప్పునీరు వెనుదీసి, ‘ఫ్లాట్స్’ అని పిలువబడిన విశాలమైన చవిటి పర్ర బయల్పడినది. 1793లో కరవువలన సూరతు ప్రాంతమునుండి పారివచ్చిన బీదలకు పని కల్పించుటకై మేజర్ జనరల్ బెల్లాసిస్ వేయించిన బాటయే బెల్లాసిస్ రోడ్డు. ఆ పల్లపు నేలలను తరువాతి శతాబ్దమున మట్టితోను, రాతిముక్కలతోను, అంతకంటె ముఖ్యముగా నగరపు చెత్తతోను పూడ్చిరి. పొట్టు, పేడ, కుళ్లిన ఆకు, పండ్ల తొక్కలు, వంటయింటి బూడిద, అనగా పల్లెలో నైనచో పెంటకుప్పకు చేరి చేనికి పోవలసిన సమస్తమును, అచ్చట ఇండ్ల పునాదుల క్రింద సమాధియైనది.

అయితే బొంబాయి మొదటినుండియు ఎరువు విలువ నెరుగని ఊరు కాదు. కామాఠీపురాకు కూతవేటు దూరమున నున్న ఖేత్‌వాడి, గిర్గాం చుట్టుపట్లనున్న ఫణస్‌వాడి, అంబేవాడి, కేళేవాడి ఒకప్పుడు బావినీటితో తడిపిన పొలములును, పనస, మామిడి, అరటి తోటలును అయియుండెను. మాహిం కొబ్బరితోటలవారు చెట్ల మొదళ్లలో చిన్నచేపలను పాతి ఎరువుగా వాడగా, ఆ దుర్గంధమువలన జ్వరములు పుట్టునని తలంచిన ఆంగ్లాధికారులు ఆ యాచారమును నిషేధించిరి. సముద్రమునుండి తీసిన సారమును తోటకు చేర్చెడి ఆ పద్ధతి మూఢాచారము కాదు, లెక్క తెలిసిన సేద్యము. నగరము పెరిగినకొలది తోటలు పోయి చాళ్లనెడి వరుసయిండ్లు వచ్చెను. ఆ చాళ్లకు రాయి మోసినవారిలో తెలుగువారు పెక్కురు.

ఇక వారు విడిచివచ్చిన మట్టిని గూర్చి చెప్పవలెను. పాలమూరు, నల్లగొండ ప్రాంతముల చెలకలు ఎర్రనివి, పలుచనివి, క్రింద జానెడు మూరెడు లోతుననే మొరము తగులునవి. ఏట 600 మిల్లీమీటర్ల చుట్టుపట్ల కురిసెడి వాన, అదియు నాలుగు నెలలలో పది పదునైదు జడులుగా కురిసిపోవును. మిగిలిన ఎనిమిది నెలలు నేల ఎండలో వట్టిదై పడియుండును. ఇట్టి నేలలో సేంద్రియ కర్బనము నూటికి అరవంతునకు మించుట అరుదు. నూటికి 0.3 మాత్రమే యున్న యొక ఎకరమును తీసికొందము. పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు గనుక అందలి కర్బనము 2,700 కిలోలు. దానిని 0.5కు పెంచవలెనన్నచో 1,800 కిలోల కర్బనము నేలలో నిలువవలెను. పశువుల ఎరువులో తడి బరువున ఏడవ వంతో ఆరవ వంతో కర్బనముండునని పట్టినను 11 మొదలు 13 టన్నుల వరకు ఎరువు కావలెను. అదియు నందొక్క రవ్వయు చెడకుండ నున్నప్పటి మాట. మన ఎండకు, మన సూక్ష్మజీవుల ఆకలికి, తోలిన ఎరువులో అధికభాగము ఒకటి రెండేండ్లలోనే గాలిలో కలిసిపోవును. ఇంతటి ఎరువు జొన్న పండించెడి పేదకాపు ఎచ్చటినుండి తేగలడు? చొప్ప పశువు తినును, పేడలో సగము పిడకయై పొయ్యిలో కాలును, మొదళ్లు చలిమంటకు పోవును. వేరుశనగ వేసినచో మొక్కను వేరుతోసహా పెరికి కట్టకట్టి తీసికొనిపోవుదురు గనుక, నేలకు మిగులునది రాలిన నాలుగాకులే.

అట్టి ఊరిలోనే ఒక మూల నల్లని మట్టి యుండెడిది. అది మోటబావి చుట్టునున్న తోట. కాపు ఎడ్లచే మోట తోలించి, అరటికో, నిమ్మకో, మామిడి అంటులకో నీరు పారించినచోట ఏడాది పొడుగునను నీడ, వేరు, ఆకు, తేమ ఉండెను. మధ్యాహ్నవేళ చెలకలో కాలు మోపలేకున్నను, తోటలో మట్టి చల్లగా నుండును. ఆకుపొరను చేతితో తొలగించి పిడికెడు మట్టి తీసి పిసికినచో అది పిండివలె రాలదు, సన్నని గడ్డలుగా విచ్చును, అందు తెల్లని పీచువేళ్లు చిక్కుకొనియుండును, వానపాముల మలపు గుళికలు కనబడును. నాలుగడుగులు ఇవతలికి వచ్చి వట్టి చెలకలో గునపము దింపినచో ఖణేలుమనును. ఒకే నేల, ఒకే ఎండ. భేదమంతయు నీటివలనను, రాలిన ఆకును రాలినచోటనే యుండనిచ్చుటవలనను కలిగినది. కాని మోటబావి ఊరిలో నలుగురైదుగురికే యుండెడిది. బావి లేనివాడు కరవు వచ్చినప్పుడు గుంపు మేస్త్రీ వెంట తట్ట, పార పట్టుకొని పోయెడివాడు.

ఈ వలసనుగూర్చి వ్రాసినవారు భూస్వామ్యమును, వడ్డీని, వెట్టిని కారణములుగా చెప్పిరి. అవి ముమ్మాటికి సత్యములు. వాటికి నేను చెలక బలహీనతను గూడ చేర్చుదును. సేంద్రియ పదార్థము తరిగిన నేల వాననీటిని పట్టుకొనలేదు. నీరు నిలువని నేలలో పదునైదు దినములు వాన వెనుకబట్టినచో పైరు మాడును. అదే వాన, అదే కాలమున, ఎరువు తిన్న నేలలో పైరు ప్రాణము నిలుపుకొనును.

ఈ సంగతిని 19వ శతాబ్దిలోనే గ్రహించిన మహనీయుడొకడు బొంబాయి తెలుగువారికి ఆత్మీయుడగుట విశేషము. పూలతోటల కులమున పుట్టి, గుత్తేదారుగా రాతికట్టడపు పనులు చేయించిన జోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజమును స్థాపించినప్పుడు, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో కామాఠీ శెట్టులు, గుత్తేదారులు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడి లింగు మున్నగు తెలుగు పేర్లు ఆ సమాజ చరిత్రలో స్థిరముగా నిలిచినవి. ఫూలే 1883లో రచించిన ‘శేత్కర్యాచా ఆసూడ్’ అను గ్రంథమును రైతుల దారిద్ర్యముపై కోపోక్తిగానే చదువుట పరిపాటి. అందలి మట్టిశాస్త్రమును గమనించినవారు తక్కువ. కొండలపై రాలిన ఆకులు, పువ్వులు, చచ్చిన జీవముల సారము వాననీటితో దిగివచ్చి పొలములకు బలమిచ్చెడిదనియు, అటవీశాఖ కొండలను కంచెవేసి రైతునకు ఆకుకంపలను, పశువుల మేతను దూరము చేసినదనియు ఆయన వాదించెను. పోలీసులచేతను సైనికులచేతను అచ్చటచ్చట కట్టలు పోయించి, వాననీరు పొలములలో ఇంకిన పిమ్మటనే వాగులకు పోవునట్లు చేయవలెననియు, చెరువుల పూడికను రైతులు ఎత్తుకొనిపోవునట్లు చేయవలెననియు ఆయన సూచించెను. మట్టి మోసి ధనవంతులైన తెలుగు గుత్తేదారులకు ఈ మాటలు ఎంత సులభముగా తలకెక్కియుండునో ఊహింపవచ్చును. వారి చేతిక్రింది కూలీలందరు అట్టి పొలములనుండి వచ్చినవారే గదా!

తరువాత కొలది కాలమునకే ప్రభుత్వము పక్షమున వోల్కర్ పండితుడు భారతసేద్యమును పరిశీలించి, 1893లో ప్రకటించిన తన నివేదికయందు, ఎరువు కొరతయే రైతుకు పెద్ద లోటనియు, కట్టెలు దొరకకపోవుటచేతనే పేడ పొయ్యి పాలగుచున్నదనియు స్పష్టపరచెను. పూనాలో మునిసిపాలిటీ మలమును బూడిదతో కలిపి ఎండబెట్టి అమ్మగా, కాలువ క్రింది చెరకు రైతులు పోటీపడి కొనిరి. బొంబాయి మాత్రము తన మలమును సముద్రమునకు, చెత్తను పల్లమునకు అర్పించి నిశ్చింతగా నుండెను. దక్కను పల్లెలనుండి ధాన్యమును, మేతను, మనుష్యులను తెప్పించుకొనిన ఆ మహానగరము తిరిగి పంపినది మనియార్డరు రూపాయలు మాత్రమే.

నీరు గల తోట నేలకేమి చేయునో నేర్పుగా పరిశీలించినవారిలో ఆల్బర్ట్ హోవర్డు, ఆయన భార్య గాబ్రియెల్ చెప్పదగినవారు. వానలు బహుతక్కువయైన క్వెట్టాలో, కాలువనీటితో పెంచెడి పండ్లతోటలలో వారు పనిచేసి, నీరు పెట్టినంత మాత్రమున నేల బాగుపడదనియు, మితిమీరిన తడి మట్టిని బిగుసుకొనజేసి వేళ్లకు గాలి అందనీయదనియు, చెట్ల నడుమ షఫ్తల్ అను పశుగ్రాసపు పైరు వేసి కలియదున్నినచో తక్కువ నీటితోనే చెట్లు కళకళలాడుననియు నిరూపించిరి. తరువాత 1924లో ఇండోరున నెలకొన్న పరిశోధనాలయములో హోవర్డు కంపోస్టు పద్ధతిని తీర్చిదిద్ది, యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో గ్రంథరూపమున వెలువరించెను.

ఇరువదవ శతాబ్ది చివర కరవుసీమలలో తోటల యుగము వచ్చెను. మహారాష్ట్రములో 1990నుండి ఉపాధి హామీ పథకము క్రింద పండ్లతోటలకు ప్రభుత్వమే ఖర్చు భరింపసాగెను. తెలుగు పద్మశాలీల మగ్గములకు పేరొందిన సోలాపురము చుట్టును దానిమ్మ వ్యాపించెను. మన వైపున అనంతపురమున చీనీ, నల్లగొండలో బత్తాయి, కొల్లాపురమున మామిడి విస్తరించినవి. వేరుశనగ చేను చీనీతోటయైనచోట పదేండ్లలో చెట్టు క్రింది మట్టి రంగు మారుట రైతులందరు ఎరిగినదే. అయితే ఈ మేలు చెట్టు గొడుగు క్రింది వృత్తమునకే పరిమితము. డ్రిప్పు గొట్టము చుక్కచుక్కగా తడిపినచోట వేళ్లు గుమిగూడి కర్బనము పెరుగును. రెండు వరుసల నడుమ బట్టబయలుగా విడిచి, కలుపు మొలవకుండ ఏట నాలుగుసార్లు ట్రాక్టరు త్రిప్పినచో, అచ్చట ఉన్నదియు హరించును. తడి, వేడిమి కలిసినప్పుడు సూక్ష్మజీవుల వేగము హెచ్చుటచే, నీరు ఇచ్చు చేతితోనే ఎరువును, ఆకును ఇయ్యనివాని నేల మొదటి యేండ్లలో వెనుకటికంటె నిస్సారమగుటయు కలదు. బోరునీటిలోని సున్నపు ఉప్పులు ఆ తడివృత్తపు అంచున పేరుకొనుట మరియొక చిక్కు.

దానిమ్మతోటలలో ఇంతకంటె కఠినమైన సంకటము గలదు. ‘తేల్యా’ అని సోలాపురమువారు పిలిచెడి మచ్చతెగులు సోకినప్పుడు, రాలిన ఆకును, కత్తిరించిన కొమ్మను ఏరి కాల్చివేయవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది సత్యమే, తెగులు ఆకుతో వచ్చెడి యేడాదికి ప్రాకును. కాని నేలకు చేరవలసిన ఏడాది సారమంతయు పొగయై పోవుచున్నది. తెగులు లేని మామిడి, చీనీ తోటలవారు గూడ ఈ యలవాటునే అనుసరించి గట్టున కొమ్మలు కాల్చుట చూచినప్పుడు నాకు మనసు చివుక్కుమనును. ఆ కొమ్మలను నరికి పాదులలో పరచుట, వరుసల నడుమ జనుమో పిల్లిపెసరో చల్లుట, వేసవికి ముందు గొర్రెలమంద నిలుపుట మన తాతలు చేసిన పనులే.

చెలక తోటయగుటకు నీరు మొదటి నిబంధన. బోరు ఎండినచో ఎనిమిదేండ్ల తోటయైనను నరికివేయక తప్పదు. అనంతపురమున ట్యాంకరులతో నీరు తోలి చీనీచెట్లను బ్రతికించుకొన చూచి అప్పుల పాలైనవారు ఎందరో. తోటను నరికి దున్నిన నేలలో, ఏండ్ల తరబడి కూడిన కర్బనము కొలది పంటలలోనే కరగిపోవును. కృష్ణ నీరు ఎత్తిపోతలద్వారా పాలమూరునకు చేరుచున్న ఈ కాలమున ఆ భయము కొంత తగ్గినది. తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయించినప్పుడు ఆ నల్లమట్టిని చెలకలకు తోలుకొనిన రైతులు, ఫూలే నూటముప్పది యేండ్ల క్రిందట అడిగిన పనినే చేసిరి. పూడిక మట్టిలో వండు, బంకమన్ను, చెరువులో కుళ్లిన ఆకుసారము కలిసియుండుటచే, అది పాదులో పడినచో కొన్ని యేండ్లపాటు తేమ నిలుపును. మట్టి ఊరకే ఇచ్చినను ట్రాక్టరు కిరాయి రైతుదే; ఆ కిరాయి పెట్టుకొనలేని చిన్న కమతములవారిలో పలువురు, తరతరములుగా మట్టిపని చేసిన కుటుంబములవారు, నేటికిని పాలమూరునుండి బొంబాయి బస్సెక్కి కట్టడపు పనులకు పోవుచున్నారు.