మందు సీసా, మాసపత్రిక: తెలుగు వ్యాపార ప్రచార చరిత్రలో ఒక అధ్యాయం

ఒక సంస్థ తన సరుకునో ఆశయాన్నో పదిమందికి తెలియజెప్పడానికి చేసే ప్రయత్నమంతా ప్రచారం కాగా, అందుకోసం పత్రికలో స్థలాన్నో, రేడియోలో సమయాన్నో డబ్బిచ్చి కొని వాడుకున్నప్పుడు అది వ్యాపార ప్రకటన అవుతుంది. సామాజిక మాధ్యమాలు విస్తరించిన తర్వాత సంస్థలు ప్రకటనలతో సరిపెట్టుకోకుండా సలహాలు, కథనాలు, ముఖాముఖులు, దృశ్యాలు తామే తయారుచేసి పాఠకులను, ప్రేక్షకులను తమ చుట్టూ చేర్చుకుంటున్నాయి. ఈ పద్ధతికి వ్యాపార శాస్త్రం కంటెంట్ మార్కెటింగ్ అని పేరు పెట్టింది. పేరు కొత్తదే గాని, తెలుగువారి విషయంలో ఈ పద్ధతికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో మందులు తయారుచేసి అమ్మిన ఇద్దరు తెలుగు వ్యాపారులు, కాశీనాథుని నాగేశ్వరరావు, కె.ఎన్. కేసరి, తమ మందుల ప్రకటనలకు ఇతరుల పత్రికల మీదనే ఆధారపడక తామే పత్రికలు స్థాపించారు. ఆ పత్రికలు మందుల అమ్మకానికి తోడ్పడిన మాట నిజమే అయినా, తెలుగు సాహిత్య, రాజకీయ చరిత్రలో అవి సంపాదించుకున్న స్థానం ఆ మందుల ఖ్యాతిని మించిపోయింది.

అచ్చు ప్రకటనకు ముందు తెలుగు పల్లెల్లో ప్రచార సాధనం చాటింపు. టముకో డప్పో మోగించి, జనం చేరాక కబురు వినిపించే ఈ పద్ధతిని దండోరా వేయడమని కూడా అంటారు. శిస్తు గడువు, వేలంపాట, జాతర తేదీ, అధికారుల రాక వంటి సంగతులను ఊరందరికీ ఒక్క పూటలో చేరవేయడంలో దీనికి సాటి లేకపోయినా, అది పై నుంచి కిందికి మాత్రమే ప్రవహించే మాట. విన్నవారు బదులు చెప్పడానికి అందులో చోటు లేదు. సరుకు అమ్మకం దాదాపుగా వారపు సంతలో, అమ్మేవాడి నోటి చలవ మీద, కొన్నవారు ఇరుగుపొరుగుతో చెప్పే మంచిచెడ్డల మీద సాగేది. సంతలో అమ్మేవాడి ముఖం కొనేవాడికి తెలుసు. మాట తప్పితే మరుసటి వారం నిలదీయగలడు. ముఖం చూడని అమ్మకందారును కొనుగోలుదారు ఎలా నమ్మాలన్న సమస్య, సరుకు ఊరి పొలిమేర దాటి దూరప్రాంతాలకు ప్రయాణించడం మొదలైనప్పుడే తలెత్తింది.

ఆ దూర వ్యాపారానికి దారి వేసినవి రైలు, తపాలా. 1877లో భారత తపాలా శాఖ వాల్యూ పేయబుల్ పోస్ట్ అనే ఏర్పాటును ప్రవేశపెట్టింది. వాడుకలో వి.పి. అని పిలిచే ఈ పద్ధతిలో వ్యాపారి పార్సిల్ పంపితే, పోస్టుమాను దాన్ని గ్రహీతకు అందించి, ధర వసూలు చేసి, ఆ సొమ్మును వ్యాపారికి చేర్చేవాడు. సరుకు చేతికందేదాకా కొనేవాడు డబ్బు చెల్లించనక్కరలేదు, అప్పిచ్చి మోసపోతానన్న భయం అమ్మేవాడికీ లేదు. 1879లో కానీ ధరకు, అంటే పావు అణాకు పోస్టుకార్డు, 1880లో మనీయార్డరు వచ్చాయి. ఒక కార్డు ముక్క రాసి పడేస్తే మద్రాసు నుంచో బొంబాయి నుంచో మందు సీసా పల్లెటూరి గుమ్మంలోకి రావడం దీనితో సాధ్యమైంది. పుస్తకాలు, మందులు, గడియారాలు, అత్తర్లు ఈ మార్గాన ప్రయాణించాయి. ఆనాటి పత్రికలలోని ప్రకటనలు ఏజెంట్లు కావలెనన్న పిలుపుతోనో, వి.పి. ద్వారా పంపుతామన్న హామీతోనో ముగియడానికి కారణమిదే. తపాలా దారి వేసింది గాని, కొనేవాడికి ఊరూ పేరూ తెలియని వ్యాపారి మీద గురి కుదిర్చే పని తపాలా వల్ల అయ్యేది కాదు. ఆ పనిని పత్రిక చేపట్టింది.

కాశీనాథుని నాగేశ్వరరావు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, కలకత్తాలోను బొంబాయిలోను ఉద్యోగ వ్యాపారాల అనుభవం గడించి, 1893లో బొంబాయిలో అమృతాంజనాన్ని తయారుచేసి అమ్మడం ప్రారంభించారు. తలనొప్పికి, ఒళ్లునొప్పులకు పైపూతగా రాసుకునే ఈ పసుపుపచ్చని లేపనానికి ఆయన పెట్టిన పేరులోనే ప్రచార నైపుణ్యం కనిపిస్తుంది. అమృతమంటే చావును జయించే పానీయం, అంజనమంటే కాటుక లేదా లేపనం. సంస్కృతం నుంచి వచ్చి దేశభాషలన్నిటిలో స్థిరపడిన ఈ రెండు మాటల కలయిక తెలుగు, తమిళ, మరాఠీ, గుజరాతీ ఇళ్లలో దేనికీ పరాయిదిగా తోచదు. విదేశీ మందులు బజారును ఏలుతున్న కాలంలో స్వదేశీ పేరు, తక్కువ ధర, తెరవగానే గుర్తుపట్టే ఘాటైన వాసన దానికి గుర్తింపు చిహ్నాలయ్యాయి. సంగీత కచేరీలకు వచ్చిన శ్రోతలకు దాన్ని ఉచితంగా పంచిపెట్టేవారని కూడా ప్రతీతి. వాడి చూసినవారే మరొకరికి చెబుతారన్న నమ్మకం మీద నడిచే ఈ పద్ధతిలో సంతనాటి నోటిమాటే కొత్త రూపంలో కొనసాగింది.

నాగేశ్వరరావు వ్యాపారాన్ని మలుపు తిప్పింది స్వదేశీ ఉద్యమం. 1905 నాటి వంగ విభజన తర్వాత స్వదేశీ వస్తువు కొనడం రాజకీయ కార్యమైంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటన ఆ భావాన్ని తెలుగు పట్టణాల్లో రగిలించింది. అదే ఏడాది డిసెంబరులో జరిగిన సూరత్ కాంగ్రెసు తర్వాత తెలుగులో జాతీయ భావాలు ప్రచారం చేసే పత్రిక అవసరమని గుర్తించిన నాగేశ్వరరావు 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. తెలుగుదేశానికి వందల మైళ్ల దూరంలో అచ్చై తపాలాలో పల్లెలకు చేరిన ఈ పత్రిక, అమృతాంజనం సీసాలు వెళ్లిన దారుల్లోనే ప్రయాణించింది. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగి ప్రత్యేకాంధ్ర రాష్ట్ర భావానికి ఊపు వచ్చిన మరుసటి ఏడాది, 1914 ఏప్రిల్ 1న, మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా ఆరంభమైంది. కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలు కావడంతో వార్తల కోసం ఆరాటం పెరిగి పత్రిక నిలదొక్కుకున్నది.

అక్షరాస్యత నూటికి పదికి కూడా చేరని ఆ రోజుల్లో పత్రిక ఎంతమందికి చేరిందని ప్రతుల లెక్క ఒక్కటే చూసి చెప్పడం పొరపాటవుతుంది. ఊరి అరుగు మీద ఒకరు చదువుతుంటే పదిమంది వినడం వాడుక; పైగా 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపితమై గ్రంథాలయోద్యమం ఊపందుకున్నాక ఒక్కొక్క ప్రతి ఎందరో చేతులు మారింది. ఉగాదికి వెలువడే ఆంధ్రపత్రిక ప్రత్యేక సంచికలు పండితుల వ్యాసాలతో, చిత్రాలతో బరువైన గ్రంథాల్లా ఉండి ఇళ్లలో భద్రమయ్యాయి. 1924 జనవరిలో ప్రారంభమైన భారతి మాసపత్రిక సాహిత్య, చరిత్ర పరిశోధనకు వేదికైంది. 1926లో స్థాపించిన ఆంధ్ర గ్రంథమాల ప్రాచీన కావ్యాలను, చరిత్ర గ్రంథాలను అందుబాటులోకి తెచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు ఆరంభించి, పూర్తిచేయకుండానే 1923లో కన్నుమూయడంతో ఆగిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని కొనసాగించే భారాన్నీ నాగేశ్వరరావు తలకెత్తుకున్నారు. వీటిలో చాలావాటికి తమ ఖర్చు తాము సంపాదించుకునే శక్తి లేదు. వాటికి వెన్నుదన్నుగా నిలిచింది అమృతాంజనం ఆదాయం. పత్రిక మీద గౌరవం మందు మీద నమ్మకంగా మారడం, మందు తెచ్చిన సొమ్ము పత్రికకు ప్రాణవాయువు కావడం, రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకున్న క్రమం ఇది. అమృతాంజనం 1936లో పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా మారి, ప్రజలు వాటాలు కొనుక్కునే సంస్థ అయింది. వ్యాపారి ఇల్లే ప్రజాజీవితానికి కూడలిగా మారిన తీరుకు గుర్తు ఆయన మద్రాసు నివాసమైన శ్రీబాగ్. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న కుదిరిన ఒడంబడిక ఆ ఇంటి పేరుతోనే శ్రీబాగ్ ఒప్పందంగా చరిత్రకెక్కింది.

రెండవ ఉదాహరణ కేసరి మందుల సంస్థ అయిన కేసరి కుటీరం. ఒంగోలు ప్రాంతపు ఇనమనమెళ్లూరు నుంచి పేదరికంలో మద్రాసు చేరి, వైద్యం నేర్చి స్థిరపడిన కె.ఎన్. కేసరి, స్త్రీల వ్యాధులకు లోధ్ర అనే ఔషధాన్ని తయారుచేసి పేరు పొందారు. లొద్దుగ చెట్టుకు సంస్కృతంలో లోధ్రమని పేరు; దాని పట్టను ఆయుర్వేదం స్త్రీల రుగ్మతలకు వాడుతుంది. ఈ మందు కొనవలసినవారు, తమ బాధను పురుష వైద్యుడితో చెప్పుకోవడానికి సిగ్గుపడే, ఇల్లు దాటి రావడానికి వీలులేని గృహిణులు. వారితో మాట కలపడానికి బజారు ప్రకటన చాలదు. 1928లో కేసరి ప్రారంభించిన గృహలక్ష్మి మాసపత్రిక ఆ గడప లోపలికి వెళ్లగలిగింది. స్త్రీల కోసం నడిచిన ఈ పత్రికలో స్త్రీలే రచయితలు కావడం దాని ప్రత్యేకత. కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు అన్న శీర్షికతో, ఒక స్నేహితురాలు మరొక స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో, స్త్రీవిద్య మొదలు సమకాలీన సమస్యల దాకా చర్చించారు. ఉపన్యాసంలా కాక ఉత్తరంలా సాగిన ఆ రచన, చదివే ప్రతి స్త్రీకీ తనకే వచ్చిన జాబులా తోచే తీరులో ఉండటమే దాని బలం. రచయిత్రులను గౌరవించడానికి కేసరి ఏర్పాటుచేసిన గృహలక్ష్మి స్వర్ణకంకణం 1934లో మొదటగా వరలక్ష్మమ్మకే లభించింది. మందుల వ్యాపారి ఇచ్చిన బంగారు కంకణం తెలుగు రచయిత్రులకు గౌరవ చిహ్నం కావడం, సంస్థకూ పాఠకులకూ నడుమ ఏర్పడిన బంధం ఎంత దూరం వెళ్లగలదో చూపుతుంది.

ఈ చరిత్రకు చీకటి పార్శ్వం లేకపోలేదు. నమ్మకాన్ని సరుకుగా మార్చవచ్చునని తెలిసిన చోట దాన్ని దుర్వినియోగం చేసేవారు కూడా పుట్టుకొస్తారు. సర్వరోగ నివారిణులు, వశీకరణ తాయెత్తులు, పోయిన యౌవనాన్ని తిరిగి తెచ్చే లేహ్యాలు పత్రికల ప్రకటనల పేజీలను నింపాయి. వి.పి. పార్సిల్‌లో వచ్చేది డబ్బు చెల్లించాక గాని విప్పి చూడరానిది కావడం మోసగాళ్లకు కలిసివచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1954లో పార్లమెంటు చేసిన ఔషధాలు, మాయా చికిత్సల చట్టం, కొన్ని వ్యాధులను నయం చేస్తామని చెప్పుకునే ప్రకటనలను, మహిమల పేరుతో చికిత్సలను ప్రచారం చేయడాన్ని నిషేధించింది. ఇక 1867 నాటి ప్రెస్సు చట్టం, అచ్చైన ప్రతి పత్రిక మీదా ముద్రాపకుడి పేరు, ముద్రించిన చోటు ఉండాలని అంతకు చాలా ముందే నిర్బంధించింది. అందువల్ల ఆంధ్రపత్రిక ఎవరిదో, గృహలక్ష్మి వెనుక ఏ మందుల సంస్థ ఉన్నదో పాఠకుడికి దాపరికం లేకుండా తెలుసు.

తర్వాతి దశాబ్దాల్లో సంస్థలే పత్రికలు నడిపే ఈ పద్ధతి వేర్వేరు రూపాల్లో కొనసాగింది. సినిమాలు తీసే విజయా సంస్థ సినిమా పాఠకుల కోసం విజయచిత్రను నడిపింది; తిరుమల తిరుపతి దేవస్థానం సప్తగిరి మాసపత్రికతో భక్తుల ఇళ్లకు చేరి, 2008లో శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానెల్‌ను ఆరంభించింది. చిట్‌ఫండ్ వ్యాపారంతో మొదలుపెట్టిన రామోజీరావు 1969లో రైతుల కోసం అన్నదాతను, 1974లో విశాఖపట్నం నుంచి ఈనాడును వెలువరించారు. 1980ల చివరి నుంచి జిల్లా అనుబంధాలు రావడంతో, రాష్ట్రమంతటా ప్రకటన వేయించుకునే స్తోమత లేని పట్టణపు బట్టల కొట్టు, కోచింగ్ కేంద్రం, నర్సింగ్ హోమ్ కూడా తన వాడుకరులున్న మేరకే డబ్బు ఖర్చుచేసి పేరు చెప్పుకోగలిగాయి. సామాజిక మాధ్యమాలలో వయసు, ఊరు, అభిరుచి చూసి ఎంచుకున్నవారికే ప్రకటన చూపే ఏర్పాటుకు ఇది అచ్చులో కనిపించే పూర్వరూపం.

సామాజిక మాధ్యమాలు తెచ్చిన అసలు మార్పులు మూడు. పాఠకుడి జవాబు, పోస్టుకార్డు మీద వారానికి వచ్చేది, క్షణాల్లో అందరి కళ్లెదుటే వస్తున్నది. ఎందరు చూశారు, ఎంతసేపు చూశారు, చూసి కొన్నారా అన్న లెక్క సంస్థ చేతికి అందుతున్నది. మూడవది, అన్నిటికన్నా లోతైనది, వేదిక యాజమాన్యానికి సంబంధించినది: నాగేశ్వరరావు, కేసరి తమ అరుగు తామే కట్టుకుని జనాన్ని పిలవగా, నేటి సంస్థ ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వంటి పరాయి అరుగుల మీద కూర్చుని మాట్లాడుతున్నది; ఎవరి మాట ఎవరికి వినిపించాలో ఆ అరుగు యజమాని నిర్ణయిస్తాడు. డబ్బు తీసుకుని చేసిన ప్రచారాన్ని సొంత అభిప్రాయంలా చూపే ధోరణి పెరగడంతో, భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో అటువంటి పోస్టులకు ప్రకటన అన్న గుర్తు తప్పనిసరిగా ఉండాలని మార్గదర్శకాలు విడుదల చేయవలసి వచ్చింది. ముద్రాపకుడి పేరు ఉండాలన్న పాత నియమం ఏ సమస్యకు జవాబో, ఈ కొత్త నియమమూ దానికే జవాబు.

ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి; గృహలక్ష్మి ఏనాడో నిలిచిపోయింది. అమృతాంజనం ఇప్పటికీ మందుల కొట్లలో దొరుకుతున్నది. అయినా తెలుగు సాహిత్యం మీద, చరిత్ర మీద పనిచేసే పరిశోధకుడు గ్రంథాలయంలో అడిగి తీయించుకునేది భారతి పాత సంచికలనే. వాటికి ఖర్చు పెట్టింది మాత్రం తలనొప్పి మందు.