స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్

మందు వికటించి చర్మం మీద కనిపించే జబ్బుల్లో అరుదైనదీ, ప్రాణాంతకమైనదీ ఇది. ‘మందు పడలేదు’ అని తేలిగ్గా సరిపెట్టుకునే దద్దుర్లు, దురదలతో దీన్ని కలపకూడదు. చర్మం పైపొర చచ్చి ఊడివస్తుంది; నోరు, కళ్లు పుళ్లు పడతాయి.

1922లో న్యూయార్క్ పిల్లల వైద్యులు ఆల్బర్ట్ స్టీవెన్స్, ఫ్రాంక్ జాన్సన్ 7, 8 ఏళ్ల అబ్బాయిలిద్దరి గురించి రాశారు. తగ్గని జ్వరం, పుండైన నోరు, చీము కారే కళ్లు, ఒంటినిండా మచ్చలు. ముందు చూసిన వైద్యులు దాన్ని ఒక రకం తట్టు అనుకున్నారు. వీళ్లిద్దరూ కాదన్నారు గాని, వాళ్ల అనుమానం కూడా తెలియని ఏదో అంటువ్యాధి మీదికే పోయింది. పిల్లల్లో మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకినా ఇలాంటి పుళ్లే వస్తాయి కాబట్టి, వాళ్లను మరీ తప్పుపట్టలేం.

సల్ఫా మందుల వాడకం పెరిగాక చూపు మందుల వైపు మళ్లింది. 1956లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలన్ లయెల్ నలుగురు రోగుల్లో, మరిగే నీళ్లు పడ్డట్టు చర్మం ఊడిపోవడాన్ని వర్ణించాడు. రెండూ ఒకే జబ్బుకు రెండు స్థాయులని తర్వాత తేలింది. 1993లో గీత గీశారు: ఊడిన చర్మం 10 శాతం లోపైతే స్టీవెన్స్-జాన్సన్, 30 దాటితే లయెల్ చెప్పినది, నడుమ ఉన్నది రెండింటి కలయిక. 1995లో ఐరోపా రోగుల మీద అచ్చయిన అధ్యయనం సల్ఫా మందులు, ఫిట్స్ మాత్రలు, గౌట్‌కు వాడే అల్లోప్యురినాల్, కొన్ని నొప్పి మాత్రలను దోషులుగా చూపింది.

ఒకే మాత్ర వేలమందికి పడి ఒకరికే ఎందుకు వికటిస్తుంది? జవాబు 2004లో తైవాన్ నుంచి వచ్చింది. ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజపీన్‌తో ఈ జబ్బు తెచ్చుకున్న 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యురూపం ఉంది. అదే మందు పడిన 101 మందిలో ముగ్గురికే ఉంది. ఆసియా మూలాలున్నవారికి ఈ మందు మొదలుపెట్టే ముందు పరీక్ష చేయాలని 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సూచించింది. భారతీయుల్లో ఈ జన్యురూపం సగటున 2 నుంచి 4 శాతం మందికి ఉంటుందని అక్కడి మందు పత్రం చెబుతుంది.

తైవాన్ వైద్యులు అక్కడితో ఆగలేదు. 4,877 మందిని ముందే పరీక్షించి, జన్యురూపం ఉన్న 7.7 శాతం మందికి వేరే మందు ఇచ్చారు, లేనివారికి కార్బమజపీనే ఇచ్చారు. 2011లో ఫలితాలు వెలువడ్డాయి. పాత లెక్క ప్రకారం సుమారు పదిమందికి రావలసిన జబ్బు ఒక్కరికీ రాలేదు.