చెరలో పుట్టిన ఆట - మనకు చెప్పే మాట



మన ఆటలు పుస్తకాల్లో లేవు, పెద్దల కాళ్ళలో ఉన్నాయి. గుస్సాడీకి దేశమంతటా పేరు తెచ్చి, 2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి కనకరాజు గారు 2024లో కన్నుమూశారు. అలాంటి పెద్దలు వెళ్ళిపోయినప్పుడల్లా మనల్ని ఒకటే ప్రశ్న వేధిస్తుంది: వారి అడుగును ఎవరు దాచాలి, ఎలా దాచాలి? సముద్రాల అవతల స్కాట్లాండ్ ప్రజలు ఇదే ప్రశ్నకు తమ దారిలో జవాబు వెతుక్కున్నారు. ఆ చరిత్రను ఈ సంచికలో మీ ముందుంచుతున్నాం.

స్కాట్లాండ్‌లో పల్లెవాసులూ పట్నవాసులూ కలిసి ఆడే ఆటను 'కంట్రీ డాన్స్' అంటారు. 1740లోనే ఎడిన్‌బరోలో డేవిడ్ యంగ్ అనే ఆయన అలాంటి ఆటలను చేతితో రాసి పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి పాత ఆటలు వెనకబడ్డాయి. అప్పుడు ఇసొబెల్ స్టీవర్ట్, జీన్ మిల్లిగన్ అనే ఇద్దరు మహిళల పూనికతో 1923లో గ్లాస్గోలో ఒక సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాదే మొదటి ఆటల పుస్తకం వెలువడింది.

ఈ ఆటలో సాధారణంగా నాలుగు జతలు ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలబడతాయి. పాటను 'బార్' అనే చిన్న తాళపు కొలతలతో లెక్కిస్తారు. ఎక్కువ ఆటల్లో ఒక చుట్టు 32 బార్లు. ఎనిమిదేసి బార్లకు ఒక కదలిక ముగుస్తుంది. చుట్టు పూర్తయ్యేసరికి మొదటి జత ఒక స్థానం కిందికి దిగుతుంది. కొత్త ఆట కట్టేవారు ఈ లెక్కలోనే ఇమడాలి. ఎవరు ఎటు తిరగాలి, ఏ చేయి ఇవ్వాలి, చివరికి ఎక్కడ నిలవాలి అన్నది ముందే తేల్చుకోవాలి.

1940 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సెయింట్ వాలెరీ దగ్గర 51వ హైలాండ్ డివిజన్ సైనికులు జర్మనీకి బందీలయ్యారు. వారిలో కొందరు అధికారులను బవేరియాలోని లౌఫెన్ చెరలో ఉంచారు. అక్కడ జిమ్మీ అట్కిన్సన్ ఒక ఆట కట్టాడు. పీటర్ ఆలివర్, హారిస్ హంటర్ అతనికి తోడయ్యారు. ఆటగాళ్ళు ముందు ఒక ఏటవాలు గీతగా, తర్వాత దానికి అడ్డంగా మరో ఏటవాలు గీతగా నిలుస్తారు. రెండూ కలిస్తే స్కాట్లాండ్ జెండాలోని సెయింట్ ఆండ్రూ శిలువ! చివర ఆరుగురూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. జెండా ఎగరేయలేని చోట కాళ్ళతోనే జెండా గీశారన్నమాట. 'రీల్ ఆఫ్ ది 51స్ట్ డివిజన్' పేరుతో 1945లో ఆ సంఘమే దాన్ని అచ్చువేసింది. నేటికీ ఆడుతున్నారు.

అది చెర గోడలు దాటి బతకడానికి రాత తోడయింది. ఎడమ పక్క బార్ల అంకెలు, కుడి పక్క ఎవరేం చేయాలో నాలుగు ముక్కలు. రాసే తీరు అంతే. ఎప్పుడూ చూడనివారు కాగితం చదివి ఆడగలిగితేనే అది సరైన రాత. యుద్ధకాలంలో శత్రువుల రహస్య సంకేతాలు విప్పిన హ్యూ ఫాస్ కూడా ఇలా ఆటలు కట్టినవాడే. పిల్లింగ్ అనే ఆయన మాటలు తగ్గించి బొమ్మ గుర్తులతో జేబు పుస్తకం తయారుచేశాడు.

అయితే రాతతో ఒక నష్టమూ ఉంది. ఒకే ఆటను ఊరికొక తీరుగా ఆడతారు. పుస్తకంలోకి ఒక తీరే ఎక్కితే అదే 'అసలుది' అనిపించుకుంటుంది. మిగతావి మరుగున పడతాయి. పైగా మన ఆటలన్నీ సరదా ఆటలు కావు. దండారిలో గుస్సాడీ ధరించే నెమలి ఈకల టోపీకి నియమం ఉంది, మొక్కు ఉంది. అది ఎవరైనా చదివి ఆడే వస్తువు కాదు.

అందుకే మన యువతకు మా మనవి: థింసా అడుగులు రాయండి. ఏ ఊరి తీరో, ఏ పెద్ద నేర్పారో, తుడుము ఏ దెబ్బకు వరుస ఎటు తిరుగుతుందో రాయండి. పక్క ఊరి తీరునూ పక్కనే రాయండి. దేవుడి ముందు ఆడేదాన్ని మాత్రం పెద్దల అనుమతి లేకుండా కాగితం ఎక్కించకండి. రాసింది ఆ పెద్దలకే ముందు చదివి వినిపించండి. తప్పుంటే వారే లేచి ఆడి చూపిస్తారు. ఆ ఆట చూడటానికైనా ఈ రాత పని మొదలుపెడదాం.