దుంకని సైకిల్

బన్నీ హాప్‌ని తెలుగులో ఏమనాలి? కుందేలు గెంతు అంటే పిల్లల పాటలా ఉంటుంది. నల్గొండ వైపు దుంకుడు అనే మంచి మాట ఉంది కాబట్టి దాన్నే వాడుకుంటాను. నడుస్తున్న సైకిల్‌ని ఆపకుండా, దిగకుండా, రెండు చక్రాలూ నేల వదిలేలా ఎగరేసి, ముందున్న రాయినో గుంతనో దాటేసి అవతల పడటం. అంతే పని. సన్న టైర్ల రోడ్ బైక్ తొక్కేవాళ్ళకి ఇది సర్కస్ ఫీటు కాదు, అవసరం. 25 మిల్లీమీటర్ల టైరులో గట్టిగా గాలి కొట్టుకుని, గంటకి 30 కిలోమీటర్ల వేగంతో పోతూ గుంత అంచుకి తగిలితే, ట్యూబు రిమ్ముకీ అంచుకీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. చూడ్డానికి అచ్చం పాము కాటే. పేరు కూడా అదే.

హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే చౌటుప్పల్, చిట్యాల దాటాక నార్కట్‌పల్లి. అక్కడ కుడివైపు నల్గొండ, మిర్యాలగూడల మీదుగా అద్దంకి పోయే రోడ్డు చీలుతుంది. మొన్నటిదాకా తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. నాలుగు వరసల రోడ్డు అయ్యి పదేళ్ళు దాటింది. ఆదివారం పొద్దున్నే సిటీ నుంచి హెల్మెట్లు పెట్టుకుని ఇటు వచ్చే నాలాంటి వాళ్ళ సైకిళ్ళకీ, ఈ ఊళ్ళల్లో తరాలుగా తిరిగిన సైకిళ్ళకీ రెండు చక్రాలు తప్ప పోలిక తక్కువ. ఆ సైకిళ్ళు ఎప్పుడూ దుంకలేదు. ఎందుకు దుంకలేదన్నదే నా ప్రశ్న.

నిజానికి చాలాకాలం యూరప్ సైకిళ్ళు కూడా దుంకలేదు. బురదలో, పొలాల్లో, అడ్డుపలకల మీదుగా సాగే సైక్లోక్రాస్ అనే పోటీ ఉంది. 1902లోనే ఫ్రాన్స్‌లో దానికి జాతీయ ఛాంపియన్‌షిప్ జరిగింది. 1950లో పారిస్‌లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పెట్టారు. అందులో అందరూ చేసేది ఒకటే: అడ్డం రాగానే దిగు, సైకిల్ భుజానేసుకో, ఉరుకు, మళ్ళీ ఎక్కు. దశాబ్దాల పాటు ఎంత గొప్ప ఆటగాడైనా ఇదే చేశాడు. దుంకుడు వాళ్ళ దగ్గర పుట్టింది కూడా కాదు. 1970ల మొదట్లో కాలిఫోర్నియా పిల్లలు మోటోక్రాస్ బైకుల్ని చూసి చిన్న సైకిళ్ళ మీద అవే వేషాలు వేస్తుంటే తయారైన బీఎమ్ఎక్స్ ఆటలోంచి వచ్చింది. 1989లో ఫ్రాన్స్‌లోని పోంషాతోలో జరిగిన ప్రపంచ పోటీలో బెల్జియం వాడు డానీ డి బీ అడ్డుపలకల దగ్గర దిగడం మానేసి సైకిల్‌తో సహా ఎగిరి దాటాడు, గెలిచాడు. తర్వాత వచ్చిన స్వెన్ నైస్ అయితే చిన్నప్పుడు బీఎమ్ఎక్స్‌లోనే పెరిగాడు. 40 సెంటీమీటర్ల పలకని అతను దాటే వీడియోలు చూస్తే, అంతకుముందు వాళ్ళంతా ఎందుకు దిగారబ్బా అనిపిస్తుంది.

సామాను కూడా కలిసొచ్చిందనుకోండి. స్కీయింగ్ బూట్ల బిగింపులు చేసే లుక్ అనే ఫ్రెంచ్ కంపెనీ 1984లో బూటుని పెడల్‌కి తాళం వేసినట్టు పట్టి ఉంచే పెడల్ తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. కాలు పెడల్‌కి అతుక్కున్నాక దుంకుడు తేలికైపోయింది: కుంగు, చేతులతో హ్యాండిల్‌నీ కాళ్ళతో పెడళ్ళనీ ఒకేసారి పైకి లాగు. అసలు కష్టం మామూలు పెడళ్ళతో. ముందు చక్రం లేపి, హ్యాండిల్‌ని ముందుకి తోస్తూ, పాదాల వేళ్ళు కిందికి వంచి వెనక చక్రాన్ని పైకి గీక్కోవాలి. ఏ పద్ధతిలో చేసినా ఒక షరతు మాత్రం మారదు. సైకిల్ తేలికగా ఉండాలి, దాని మీద తొక్కేవాడు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

మన సైకిల్ చరిత్ర సరిగ్గా ఈ షరతు దగ్గరే ఆగుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక నాలుగైదేళ్ళ తేడాతో మద్రాసులో హెర్క్యులిస్, సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. మూడూ చేసింది దాదాపు ఒకే నల్ల సైకిల్: రాడ్ బ్రేకులు, చెయిన్ కవరు, డబుల్ స్టాండు, వెనక ఇనప క్యారియర్. బరువు ఇరవై కిలోల చిల్లర. ఇంగ్లండ్ నమూనాలో మనవాళ్ళు దేన్ని తీసేసినా క్యారియర్ని తీసెయ్యలేదు, పైగా ఇంకా గట్టి చేశారు. నల్గొండ పల్లెల్లో గౌడన్నల కల్లు లొట్లు దాని మీదే వచ్చాయి, పాల క్యాన్లు దాని మీదే, పోచంపల్లి వైపు నూలు కట్టలు దాని మీదే. అర్ధరాత్రి పురుటినొప్పులొచ్చిన మనుషులు కూడా. రాజమౌళి 'మర్యాద రామన్న' (2010)లో రవితేజ గొంతుతో మాట్లాడే సైకిల్ గుర్తుందా? సినిమా మొదట్లో దాని ఉద్యోగం సరుకు మొయ్యడమే. మన సినిమాల్లో సైకిల్ మనసు విప్పి మాట్లాడిన అరుదైన సందర్భంలో కూడా బరువు గురించే మాట్లాడింది.

లొట్లతో పోతున్న సైకిల్‌కి గుంత అడ్డమొస్తే ఏం చేస్తారు? దిగుతారు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు వెనక. ముందు చక్రాన్ని మెల్లిగా దింపి, ఎక్కించి, వెనక చక్రం దిగేటప్పుడు క్యారియర్‌ని ఒంటికి ఆనించుకుంటారు. ఒలికితే ఆ పూట కూలి ఒలికినట్టే. ఇది కూడా విద్యే, దీన్నెవరూ వీడియో తీసి నేర్పలేదు. కైంచీ తొక్కి సైకిల్ నేర్చుకున్న పిల్లాడికి తండ్రి నేర్పే రెండో పాఠం ఇదే.

దుంకుడు నేర్పే వీడియోలు మాత్రం బోలెడున్నాయి. వాటిల్లో అడ్డం ఎప్పుడూ ఎవరిదీ కాదు. ఒక చెట్టు దుంగ, ఫుట్‌పాత్ అంచు, ఎండిన కాలువ. మన రోడ్డు మీది అడ్డాలు అలా అనాథలు కావు, ఒక్కోదానికి ఒక్కో యజమాని ఉంటాడు. స్పీడ్ బ్రేకర్‌నే తీసుకోండి. 1953లో, నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ తను పనిచేసే అమెరికా యూనివర్సిటీ భవనం ముందు కార్లు దూసుకుపోవడం చూడలేక రోడ్డు మీద మిట్టల్ని డిజైన్ చేశాడు. 1973లో బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలలో వాట్స్ అనే ఆయన లెక్క కట్టి, 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రటి మిట్టని ఖాయం చేశాడు. 1988లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మనకిచ్చిన కొలతలు కూడా అవే.

ఇంజనీర్ని కాబట్టి ఒక లెక్క చేసుకున్నాను. 30 కిలోమీటర్ల వేగంతో పోతూ 15 సెంటీమీటర్లు ఎగిరితే గాల్లో ఉండేది మూడో వంతు సెకను, దాటేది దాదాపు 2.9 మీటర్లు. రెండు చక్రాల మధ్య దూరం ఒక మీటరు అందులోంచి పోతుంది. మిగిలింది 1.9 మీటర్లు. 3.7 మీటర్ల మిట్టని దుంకితే దాని వీపు మీదే పడతాం. అంటే పద్ధతి ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్‌ని దుంకలేం, దుంకక్కర్లేదు కూడా, మెత్తగా ఎక్కి దిగొచ్చు. దుంకాల్సి వచ్చేది ఊళ్ళల్లో జానెడు వెడల్పు, జానెడు ఎత్తుతో సిమెంటు పోసినవాటినే. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదని కేంద్రం అంటుంది. కానీ ఊరి బడి దగ్గర ఏ పిల్లనో లారీ గుద్దాక, జనం రోడ్డు మీద కూర్చున్నాక, రాత్రికి రాత్రి లేచే మిట్టకి కొలతలు ఎవరు చూస్తారు? నేను అరసెకను లోపల దాటేసే ఆ దిబ్బ కొన్నిసార్లు ఒక సమాధి రాయి లాంటిది.

ఇంకా పెద్ద అడ్డం వడ్లు. ఒకప్పుడు మెట్ట పంటలకీ బత్తాయి తోటలకీ పేరుపడ్డ నేల ఇది. కాలువలు, బోర్లు, కరెంటు కలిసి వరి పెరిగింది. హార్వెస్టర్ కోసిచ్చే వడ్లు పచ్చిగా ఉంటాయి, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే పక్కన పెడతారు. కల్లాలు చాలవు. ఉపాధి హామీ డబ్బుతో కట్టిన కల్లాలకి 151 కోట్లు వెనక్కి కట్టమని 2022లో కేంద్రం అడిగితే రాష్ట్రం రోడ్డెక్కింది. వడ్లు అంతకుముందే రోడ్డెక్కి ఉన్నాయి. యాసంగి కోతలప్పుడు ఊళ్ళకి చీలే రోడ్ల మీద, సర్వీసు రోడ్ల మీద సగం దారి పొడుగూతా పసుప్పచ్చగా పరిచి ఉంటుంది. బండ్లు ఎక్కకుండా అంచున రాళ్ళు. దీన్ని ఏ స్వెన్ నైస్ కూడా దుంకలేడు. సగం రోడ్డులో ఎదురొచ్చే లారీకి దారిస్తూ, వడ్లు తొక్కకుండా, వాళ్ళు కాళ్ళతో చాళ్ళు తీస్తుంటే ఆగి, దిగి, నడిపించుకుంటూ పోవాలి. చీకటి పడ్డాక ఆ రాళ్ళకి తగిలి బండి మీది మనుషులు పోయిన వార్తలు ప్రతి సీజన్లో వస్తాయి. పోలీసులు కేసులు పెడతామంటారు. తార్రోడ్డు కంటే తొందరగా వడ్లు ఎండే చోటేదో మాత్రం చెప్పరు.

వడ్లు బస్తాలకెక్కి కేంద్రానికి పోయాక రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. వరసగా, తలకాయంత, కొన్ని టైర్లు తగిలి రోడ్డు మధ్యకి దొర్లి. పగలైతే నా ఎనిమిది కిలోల సైకిల్ వాటిని దాటేస్తుంది. క్యారియర్ సైకిళ్ళ స్థానంలో ఇప్పుడు టీవీఎస్ ఎక్సెల్ బండ్లు వచ్చాయి, అటూ ఇటూ పాల క్యాన్లు వేలాడేసుకుని. అవి ముందు లైటు వెలుగులో రాయిని చూసి, కాలు కిందపెట్టి, పక్కనుంచి తప్పించుకుని పోతాయి.