పశువులకూ అడవి జంతువులకూ ఒకటే క్షయ: అదుపు ఎలా?

2015లో నేపాల్‌లోని చిత్వన్ జాతీయ పార్కులో ఒక ఖడ్గమృగం క్షయతో చనిపోయింది. దాని శరీరంలో దొరికిన క్రిమి మైకోబాక్టీరియం ఒరిగిస్. దక్షిణాసియాలో పశువుల్లోనూ, మనుషుల్లోనూ ఈ క్రిమి బయటపడింది. పాకకూ అడవికీ మధ్య ఉన్న కంచె క్షయను ఆపదని చెప్పడానికి ఇదో ఉదాహరణ.

ప్రపంచవ్యాప్తంగా పశువుల క్షయకు ప్రధాన కారణం మైకోబాక్టీరియం బోవిస్. శ్వాస, పాలు, కలుషితమైన మేత, నీటి ద్వారా ఇది వ్యాపిస్తుంది. పచ్చిపాలు తాగితే మనుషులకూ సోకుతుంది. పాలను మరగకాస్తే క్రిమి చనిపోతుంది. వ్యాధి సోకిన పశువు చాలాకాలం ఆరోగ్యంగానే కనిపిస్తుంది కాబట్టి చర్మ పరీక్ష తప్పనిసరి. అందులో క్షయ ఉన్నట్టు తేలిన పశువును వధించి, యజమానికి పరిహారం ఇవ్వడం అనేక దేశాలు అనుసరించిన పద్ధతి. కానీ చుట్టుపక్కల అడవి జంతువుల్లో క్రిమి నిలిచి ఉంటే, శుభ్రమైన మందకు అది మళ్లీ సోకుతుంది.

రెండు దేశాలు, రెండు ఫలితాలు

న్యూజీలాండ్‌లో ఆ జంతువు పొసమ్. బొచ్చు వ్యాపారం కోసం 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన జంతువది. విషపు ఎరలు, ఉచ్చులతో దాని సంఖ్యను తగ్గిస్తూ, పశువుల పరీక్షలనూ, రవాణాపై ఆంక్షలనూ కొనసాగించారు. 1990ల మధ్యలో దాదాపు 1,700గా ఉన్న వ్యాధిగ్రస్త మందలు ఇప్పుడు వందలోపుకు తగ్గాయి.

బ్రిటన్‌లో ఆ జంతువు బ్యాడ్జర్. 1998 నుంచి 2005 వరకు జరిగిన ప్రయోగంలో బ్యాడ్జర్లను చంపిన ప్రాంతాల్లో పశువుల క్షయ తగ్గింది, వాటి పొలిమేరల్లో పెరిగింది. గుంపు చెదరడంతో మిగిలినవి దూరదూరాలకు తిరగడమే ఇందుకు కారణమని శాస్త్రవేత్తలు వివరించారు. అయినా 2013లో ఇంగ్లాండ్‌లో వేట మొదలై, రెండు లక్షలకు పైగా బ్యాడ్జర్లు హతమయ్యాయి. దాని ఫలితంపై వివాదం ఇంకా తెగలేదు.

భారత్ ముందున్న దారి

2018లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం భారత్‌లో సుమారు 7.3 శాతం పశువులకు, అంటే 2.18 కోట్ల పశువులకు క్షయ ఉండొచ్చని అంచనా. చాలా రాష్ట్రాల్లో గోవధపై నిషేధం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువులకు రక్షణ కల్పిస్తోంది. కాబట్టి వధ మీద ఆధారపడే పద్ధతి ఇక్కడ సాగదు.

ఇథియోపియాలో జరిగిన ఒక అధ్యయనం మరో మార్గం చూపింది. దూడలకు బీసీజీ టీకా వేస్తే వ్యాధి వ్యాప్తి దాదాపు 89 శాతం తగ్గినట్టు 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. టీకా వేసిన పశువు పాత చర్మ పరీక్షలో రోగిలా కనిపించవచ్చు. ఆ తేడాను పట్టే కొత్త పరీక్షలను ఇప్పటికే రూపొందించారు.

మనుషులనూ లెక్కలోకి తీసుకోవాలి. దక్షిణ భారత అడవుల్లో మరణించిన మూడు ఏనుగుల్లో మనుషుల్లో క్షయ కలిగించే క్రిమే దొరికిందని 2017లో ఒక పత్రం వెల్లడించింది.

అటవీ అంచు గ్రామాల్లో దూడలకు టీకా, పశువులకు అడవి చెరువులతో పనిలేకుండా ఊళ్లోనే తొట్లు, కళేబరాలను లోతుగా పూడ్చడం, కాపరులకు క్షయ పరీక్షలు కలిపి సాగాల్సిన పనులు. పరిహారం ఏర్పాటు అన్నిటికన్నా ముందు ఉండాలి. పాడి ఆవుకు క్షయ ఉందని తేలితే నష్టమంతా తనదే అయినప్పుడు, ఏ రైతూ పరీక్షకు ముందుకు రాడు.