పదడుగుల బండి, రెండింజన్ల తిప్పలు

కారుకు ఇంజను ముందుంటుందా, వెనకుంటుందా అని పందెం వేసుకుంటే, 1963లో ఇంగ్లండులో తయారైన ఒక మినీ విషయంలో ఇద్దరూ గెలుస్తారు. దానికి ముందొకటి, వెనకొకటి. బండి పొడవేమో పదడుగులు! వెనక సీటు పీకేసి ఆ చోట రెండో ఇంజనును కూర్చోబెట్టారు. ముద్దుపేరు ‘ట్విని’. ఈ సంగతి తెలిసిన రోజు నాకొచ్చిన మొదటి అనుమానం, మన ఆర్టీఓ ఆఫీసులో దీని ఆర్సీ మీద ఏ ఇంజను నంబరు ఎక్కిస్తారా అని.

అసలు మినీ పుట్టిందే ఇంజనును ఎక్కడ పెట్టాలన్న చిక్కులోంచి. 1956 నాటి సూయజ్ గొడవతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషను వచ్చింది. బీఎంసీ అనే కార్ల కంపెనీ పెద్ద లెనార్డ్ లార్డ్, ఇంజనీరు అలెక్ ఇస్సిగోనిస్‌ను పిలిచి చిన్న కారు చెయ్యమన్నాడు. ఇంజను మాత్రం కంపెనీలో ఉన్నదే వాడాలన్నాడు. ఉన్నది ఏ-సిరీస్, 1951లో ఆస్టిన్ ఏ30 కోసం వచ్చిన నాలుగు సిలిండర్ల ఇంజను. మన అంబాసిడర్‌లో దశాబ్దాలు తిరిగిన 1489 సీసీ బీ-సిరీస్ దీనికి పెద్దన్న లాంటిది.

ఇస్సిగోనిస్ దాన్ని అడ్డంగా తిప్పి పెట్టాడు. గేరుబాక్సుకు చోటు చాలక, ఇంజను అడుగున ఆయిలుండే సంపులోకే దాన్ని దూర్చాడు. ఇంజనుకూ గేర్లకూ ఒకటే ఆయిలు. ఇంకాస్త చోటు మిగులుతుందేమోనని రెండు సిలిండర్లతోనూ నడిపి చూశారు గానీ, ఆ వణుకు భరించలేక మానుకున్నారు. 948 సీసీ ఇంజను వేసిన నమూనా గంటకు 90 మైళ్లు దాటేసరికి, అంత చిన్న చక్రాల మీద ఇంత పరుగు దేనికని 848 సీసీకి తగ్గించారు.

నమూనాల్లో కార్బ్యురేటర్ ముందువైపు ఉండేది. చలికి దాంట్లో మంచు కడుతోందని చెప్పి ఇంజనును వెనక్కి తిప్పారు. దాంతో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు సరిగ్గా గ్రిల్లు వెనక్కి వచ్చిపడింది. 1959 ఆగస్టు 26న కారు బజారులోకి వచ్చింది. ఆ తర్వాత వానలొచ్చాయి, బండ్లు దారిలో ఆగిపోయాయి. జనం ఊరుకుంటారా? అంట్లు తోముకునే రబ్బరు గ్లవ్వు తెచ్చి డిస్ట్రిబ్యూటరుకు తొడిగి, వేళ్ల కొసలు కత్తిరించి, ఒక్కో వేలులోంచి ఒక్కో వైరు బయటికి లాగారు. నాలుగు ప్లగ్గులకు నాలుగు, కాయిలుకు ఒకటి. లెక్క కుట్టించినట్టు సరిపోయింది.

ఇక ట్విని దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైన ఘట్టం అదే. 1963 మొదట్లో ఇంగ్లండును మంచు ముంచెత్తింది. మినీ సామాన్లతోనే సైన్యం కోసమని ఇస్సిగోనిస్ చేసిన టాపులేని బండి ఒకటుంది, దాని పేరు మోక్. నేలకు మరీ దగ్గరగా ఉందని సైన్యం పెదవి విరిచింది. నాలుగు చక్రాలకూ బలం ఇస్తే పనికొస్తుందేమోనని ఆయన దానికి వెనక కూడా ఇంజను బిగించాడు. ముందు ఇంజను ముందు చక్రాలకు, వెనకది వెనక చక్రాలకు. మధ్యలో షాఫ్టు గీఫ్టు ఏమీ లేదు, రెంటినీ ఒక దారిన పెట్టాల్సింది డ్రైవరే. ఆ బండి మంచులో మేకపిల్లలా తిరిగింది.

రేసుకార్ల జాన్ కూపర్‌కు (మినీ కూపర్‌లోని కూపర్ ఈయనే) ఇది పిచ్చిగా నచ్చింది. టాపున్న మినీకీ అదే పని చేస్తే? 1963 మేలో సిసిలీ కొండదారుల్లో జరిగే టార్గా ఫ్లోరియో పందేనికి రెండింజన్ల మినీ బయలుదేరింది. నడిపినవాళ్లు జాన్ విట్‌మోర్, పాల్ ఫ్రేర్. బండి లోపలున్న వెనక ఇంజనుకు గాలాడక నీళ్లు మరిగిపోయేవి. అప్పుడు దాన్ని ఆపేసి ముందుదానితో లాక్కొచ్చారు. ఒక ఇంజను అలిగితే రెండోదానితో పందెం పూర్తిచేసిన బండి ఇంకెక్కడుంది చెప్పండి!

కథ అదే ఏడాది కింగ్‌స్టన్ బైపాస్ అనే రోడ్డు మీద ముగిసింది. వెనక బిగించింది కూడా ముందు చక్రాల సరంజామానే కాబట్టి, ఆ చక్రాలు పక్కకు తిరగకుండా స్టీరింగు చేతుల్ని కదలకుండా కట్టిపడేశారు. కూపర్ స్వయంగా నడుపుతుండగా ఆ పట్టు తెగింది. వెనక చక్రం తన దారి తాను చూసుకుంది, కారు పల్టీలు కొట్టింది. తీవ్రంగా గాయపడినా ఆయన బతికాడు. రెండింజన్ల ముచ్చట మాత్రం అక్కడే పోయింది.

అదే పనిని ఫ్రెంచివాళ్లు నింపాదిగా చేశారు. సిట్రొయెన్ 2సీవీ సహారాలో రెండు 425 సీసీ ఇంజన్లు, రెండు తాళంచెవులు, ముందు సీట్ల కింద రెండు పెట్రోలు ట్యాంకులు. పెట్రోలు పోయాలంటే తలుపుకున్న కంతలోంచి పోయాలి. అలాంటివి 694 చేశారు. నన్నడిగితే సహారాది బుద్ధి, ట్వినిది ధైర్యం. నా ఓటు ధైర్యానికే.

ఆ తర్వాతంతా షెడ్డుల కథ. మినీ బానెట్ కింద హోండా వీటెక్ ఇంజను పట్టక ముక్కును కొన్ని అంగుళాలు సాగదీసినవాళ్లున్నారు. వెనక యమహా ఆర్1, సుజుకి హయబుసా మోటారుసైకిల్ ఇంజన్లు పెట్టినవాళ్లున్నారు. మోటారుసైకిలుకు రివర్సు గేరుండదు కదా, వెనక్కి రావడానికి వేరే కరెంటు మోటారు తగిలించుకోవాలి. మా మేనమామ అంబాసిడర్‌కు పెట్రోలింజను తీయించి డీజిలుది వేయించినప్పుడు విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ అన్నమాట గుర్తొస్తుంది. “దింపడం పూట పని బాబూ, ఎక్కించిందాన్ని కుదురుగా కూర్చోబెట్టడమే వారం.”

2018లో న్యూయార్క్‌లో బీఎండబ్ల్యూ ఒక పాత మినీని బ్యాటరీతో నడిచేలా మార్చి చూపించింది. పాతవాటిని అలా మార్చే పథకాన్ని 2022లో ప్రకటించింది కూడా. వానకు ఆగదు, గ్లవ్వు అక్కర్లేదు. ఒప్పుకుంటాను. కానీ బానెట్ ఎత్తితే చూడ్డానికి ఏముంది?

నాకు దిగులు దాని గురించి కాదు, 9ఎక్స్ గురించి. 1960ల చివర ఇస్సిగోనిస్ మినీకి వారసుడిగా దాన్ని గీశాడు. మినీకన్నా పొట్టి, తేలిక, లోపల చోటు ఎక్కువ. ఇంజను కూడా కొత్తదే. 1968లో బీఎంసీ లేలాండ్‌లో కలిసింది, కొత్త యజమానులు దాన్ని పక్కన పడేశారు. ఏ-సిరీస్ మాత్రం 2000 అక్టోబరులో చివరి మినీ బయటికొచ్చేదాకా అదే సంపులో గేర్లు మోసింది. ఇస్సిగోనిస్ ముసలితనంలో 9ఎక్స్ ఇంజనును మామూలు మినీలో పెట్టి, గేర్లే లేకుండా నడపాలని చూశాడు.

వార్విక్‌షైర్‌లో గేడన్ అనే ఊళ్లో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. 621 ఏఓకే నంబరున్న తొలి మోరిస్ మినీ అక్కడిదే, 9ఎక్స్ నమూనా కూడా అక్కడిదే. అటు వెళ్లే పనుంటే అందరూ ఫొటోలు దిగే తొలి మినీని కాసేపు వదిలి, ముందు 9ఎక్స్ ఎక్కడుందో అడగండి.